మూడు ఓడలు, ముగ్గురు అత్తలు

ఆ రోజుల్లో నాకు నిలకడ అనేది బొత్తిగా ఉండేది కాదు. కూర్చుంటే కాలు ఊపేదాన్ని, నిలబడితే చున్నీ కొస మెలిపెట్టేదాన్ని, బస్సెక్కితే దిగాల్సిన చోటుకి మూడు స్టాపుల ముందే లేచి తలుపు దగ్గర నిలబడేదాన్ని. "దీని అరికాళ్ళ కింద ఎవరో నిప్పులు పోశారు" అనేది మా అమ్మ. ఆ నిప్పుల మీదే డిగ్రీ పూర్తిచేసి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పర్చూరు దగ్గరి మా పత్తి చేల ఊరు వదిలి గుంటూరులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరాను. మూడు నెలల్లో ఉద్యోగం ఖాయమైతే సరే, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చి బీఈడీలో చేరాలని నాన్న షరతు. మా మేనేజరు (ఏదడిగినా "రేపు చూద్దాం" అంటారని మేమంతా చాటుగా రేపు సార్ అనేవాళ్ళం) ఒక్క పెద్ద బుకింగ్ తెస్తే ఖాయం చేస్తానన్నారు. రెండు నెలలపాటు తిరుపతి బస్సు టికెట్లు రాస్తూ, బీఈడీ ప్రవేశ పరీక్ష పుస్తకాలు కలలోకి వస్తుంటే ఉలిక్కిపడి లేస్తూ గడిపాను.

అప్పుడొచ్చారు పెద్దాయన. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి, తెల్ల పంచె, చొక్కాకి ఎప్పుడూ మిరప ఘాటు. కాశీ టికెట్ల కోసం వచ్చి, నా బల్ల మీదున్న విదేశీ కంపెనీ రంగుల పుస్తకం చూసి ఆగిపోయారు. అందులో మూడు విలాసపు ఓడలున్నాయి. "నలభై ఏళ్ళ నుంచి నా కాయ ఓడెక్కి పోతంది. నేను మాత్రం ఒక్కసారీ ఎక్కలా. మా ఆవిడా నేనూ ఎక్కాలమ్మాయ్" అన్నారు. కాశీ సంగతి ఇద్దరం మరిచిపోయాం. మూడూ ఒకే కంపెనీవని, అక్కచెల్లెళ్ళ లాంటివని చెప్పాను. "అక్కచెల్లెళ్ళయినా ఇల్లు ఉంచుకోవడంలో తేడా ఉంటది గదా. దేన్ని బాగా చూసుకుంటన్నారో, దేంట్లో గదులు బాగుంటయ్యో రాసి పట్టుకురా. ఇంతకీ నువ్వెక్కావా?" అని అడిగారు. ఆయన వెనక నుంచి రేపు సార్ అవునని చెప్పమని కళ్ళతోనే సైగ చేస్తున్నారు. "మూడూ ఎక్కానండి" అన్నాను. (సముద్రంతో నా పరిచయమంతా సూర్యలంకలో మోకాళ్ళ దాకా దిగి, చెప్పులు పోగొట్టుకుని రావడమే.)

ఇక చూడండి నా అవస్థ. పుస్తకంలో ఓడకి నాలుగు బొమ్మలు. వాటిని ఎంతసేపు చూసినా తివాచీలు, పూలకుండీలు, కిటికీలోంచి నీళ్ళు తప్ప ఇంకేం కనపడవు. చివరికి నాకు తెలిసిన ఇళ్ళనే ఓడలెక్కించాను. నాకు ముగ్గురు మేనత్తలు. పెద్దత్తది పాతిల్లు, కర్టెన్లు వెలిసిపోయినా ఇత్తడి గిన్నెలో మొహం చూసుకోవచ్చు. అందుకని పెద్ద ఓడలో "కర్టెన్లు కొంచెం పాతబడ్డాయి, ఇత్తడి కమ్మీలు మాత్రం తళతళలాడుతున్నాయి" అని రాశాను. నడిపత్త సోఫాకి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యదు కాబట్టి, రెండో ఓడలో "సామాను కొత్తదానిలాగే కాపాడుతున్నారు" అన్నాను. చిన్నత్త మార్టూరులో కొత్తగా కట్టుకున్న ఇంట్లో స్నానాల గది దాకా నల్ల గ్రానైటే. అది మూడో ఓడకి పోయింది. రాస్తున్నకొద్దీ నాకే నమ్మకం కుదిరి, పెద్ద ఓడ వంటింట్లో ఇంగువ వాసన కూడా వస్తుందని రాయబోయి ఆగాను. వారానికి రెండుసార్లు కాగితాలు పట్టుకెళ్ళేదాన్ని. "ఓడలో బండలా? మునగదూ?" అని ఒకసారి అడిగారాయన. "పలచటి బండలండి" అన్నాను, కుర్చీలో కాలు ఊపుతూ.

మూడో నెల ఆఖరి రోజు. బుకింగ్ కాగితాల మీద సంతకం పెట్టించుకు రమ్మని రేపు సార్ మధ్యాహ్నం ఎండలో యార్డుకి పంపారు. నేను వెళ్ళేసరికి పెద్దాయన కొట్టు ముందు ఒక రైతు బస్తా విప్పించి, మోచేయి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయ తీసి చూస్తున్నారు. పైనున్న కాయ వంక కూడా చూడలేదు. "పైన ఎవడైనా మంచిదే పోస్తాడమ్మాయ్" అన్నారు నన్ను చూసి. నాకు ఘాటుకి తుమ్ములొచ్చాయి, చేతిలో కాగితాలు వెనక్కి దాచుకున్నాను.

లోపల ఆయన భార్య కూర్చుని ఉన్నారు. ఓడెక్కేది తనూ కాబట్టి ఆ రోజు ఆవిడా వచ్చారు. నా చేతికి మజ్జిగ గ్లాసిచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, రంగుల పుస్తకాన్ని నా కాగితాల పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పారు. మూడు ఓడల గదులూ మూడుసార్లు చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఏవండీ, ఈ కర్టెన్‌కి మూడో రింగు ఊడి వేలాడతంది చూశారా? ఈ ఓడలోనూ అదే రింగు ఊడింది. దీంట్లోనూ అదే. ముగ్గురక్కచెల్లెళ్ళకీ ఒకే పన్ను ఊడుద్దా?"

పెద్దాయన పుస్తకం అందుకుని చూశారు. నేనూ చూశాను. నెల్లాళ్ళుగా అన్నం మానేసి చూసిన బొమ్మలే. కంపెనీవాళ్ళు ఒకే గది ఫొటోని కాస్త అటూ ఇటూ కత్తిరించి మూడు చోట్లా వేశారు. ఆ ఒక్క గదిలోనే నేను వెలిసిన కర్టెన్లు, కొత్త సామాను, మార్టూరు గ్రానైటు చూసేశాను.

"నువ్వెక్కలేదు గదమ్మాయ్" అన్నారాయన. అరిచినా బాగుండేది, అరవలేదు.

"లేదండి. మా అత్తల ఇళ్ళు రాశాను."

"పైన మంచి కాయ పోసి అడుగున రంగు పోయిన తాలు కాయ పోసినవాణ్ణి మళ్ళీ కొట్టెక్కనియ్యం."

"ముందు పిల్లని మజ్జిగ తాగనియ్యండి" అన్నారావిడ. తాగాను. కళ్ళనీళ్ళు వస్తుంటే మిరప ఘాటు మీదకి నెట్టాను. యార్డులో ఏడవడానికి ఆ ఒక్క సౌకర్యం ఉంది. లేచి వస్తుంటే పెద్దాయన వెనక నుంచి, "నిజంగా ఎక్కి, అడుగున చెయ్యి పెట్టి చూసిరా. అప్పుడు చెప్పు" అన్నారు. వెటకారమో, నిజమో తెలియలేదు. ఆ సాయంత్రం రేపు సార్ జీవితంలో మొదటిసారి ఒక పనిని రేపటికి వాయిదా వెయ్యకుండా నన్ను ఇంటికి పంపేశారు.

బీఈడీలో చేరాను, నాలుగు నెలలకి మానేశాను. (నిప్పులు చల్లారితే కదా.) హైదరాబాదులో ఇంకో ట్రావెల్స్ కంపెనీ ఇంటర్వ్యూలో, పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగితే, అబద్ధాలతో అలిసిపోయి ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు కడుపు చెక్కలయ్యేలా నవ్వి, హోటళ్ళకి వెళ్ళి గదులు తనిఖీ చేసే పనిలో పెట్టుకున్నారు. అలా పరుపులెత్తుతూ, కర్టెన్ల వెనక దూరుతూ ఐదారేళ్ళు తిరిగాక, ఒకనాడు ఆ రంగుల పుస్తకం కంపెనీ ఓడ కొచ్చి రేవుకొస్తే చూసి రమ్మని పంపారు. వచ్చింది పెద్దక్క, నేను పెద్దత్త ఇల్లెక్కించిన ఓడ.

ఇత్తడి కమ్మీలు నిజంగానే తళతళలాడుతున్నాయి. (పెద్దత్తకి చెబితే, "నేనేం చెప్పాను" అంది, ఆవిడేం చెప్పిందో మరి.) గదిలోకి వెళ్ళగానే కర్టెన్ రింగులు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందకి మోచేయి దాకా చెయ్యి పోనిచ్చాను. రేవులో దిగి గుంటూరులో పెద్దాయన ఇంటికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తారు. నేనెవరో చెప్పగానే, "మూడో రింగు తగిలించారా?" అన్నారు.

"తగిలించారండి."

వెనక నుంచి పెద్దాయన గొంతు వినపడింది. "అడుగున చూసిందేమో అడుగు."

"చూశానండి. మంచం కింద గోడ వైపు కాస్త దుమ్ముంది. స్నానాల గది కుళాయి కారుతోంది. మిగిలిన రెండు ఓడలూ నేను చూడలేదు."

నాకు కాలు ఊగడం మొదలైంది. తర్వాత ఆయనే ఫోన్ తీసుకున్నారు. "ఇప్పుడు నమ్ముతా. మా ఇద్దరి పేర్లూ రాయి" అన్నారు.

వాళ్ళు వెళ్ళొచ్చారు. కుళాయి అప్పటికీ కారుతూనే ఉందట. నా అరికాళ్ళ నిప్పులు ఈ మధ్య కొంచెం చల్లబడ్డాయి, బస్సులో నా స్టాపు వచ్చాకే లేస్తున్నాను. అయినా ఎవరింటికి వెళ్ళినా కాఫీ వచ్చేలోపు కర్టెన్ రింగులు లెక్కపెడుతుంటాను. మూడోది సరిగ్గా ఉంటే, ముగ్గురత్తల్ని ఓడలెక్కించి కాలు ఊపుకుంటూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది.