ఇంటికి పంపిన గొట్టం

ఈ ఉదయం వార్డులోకి అడుగుపెట్టగానే మిరప ఘాటు ముక్కుకు తగిలింది. భర్తను ఇంటికి తీసుకెళ్లడానికి కల్లం నుంచి నేరుగా వచ్చిన ఒకావిడ చీరలోంచి వస్తోంది. తుమ్ముతూనే చేతులకు స్పిరిట్ రాసుకున్నాను. ఆ రెండు వాసనలూ కలిస్తే చాలు, నాకు రత్నకుమారి సిస్టర్ గుర్తొస్తుంది. ఆవిడ వెనకే నా కోపమూ వస్తుంది. పదేళ్లయినా అది చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

అప్పుడు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను కొత్త నర్సును, ఆవిడ హెడ్ నర్సు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సెలైన్ కోసం నరంలో గొట్టం పెడితే, ఏ రోజు పెట్టామో ప్లాస్టరు మీద పెన్నుతో రాయాల్సిందే. రాయకపోతే మా చెవులు చిల్లులు పడేవి. ఒకసారి పెద్ద సర్జన్ ఒకాయన ఒక మంచం దగ్గర్నుంచి నేరుగా పక్క మంచానికి వెళ్లి, రోగి మెడలోని గొట్టం పట్టుకోబోతే స్పిరిట్ సీసాతో అడ్డంగా నిలబడింది.

"చేతులండీ, డాక్టరు గారూ."

"ఇప్పుడే కడుక్కున్నానమ్మా."

"ఆ పేషెంటుని ముట్టుకోక ముందు కడుక్కున్నారండి. నేను చూశాను."

ఆయన ముఖం కందగడ్డయింది. చేతులు మాత్రం చాచాడు.

ఆవిడ సెలవులో ఉన్న రోజే నేను ఆ తప్పు చేశాను. దర్శి దగ్గరి మిరప రైతు వెంకటేశ్వర్లు జ్వరం తగ్గి ఇంటికి వెళ్తున్నాడు. ఇంకా మూడు రోజుల ఇంజెక్షన్లు మిగిలాయి. గొట్టం తీయబోతే ఆయన భార్య ఆదిలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "ఉంచమ్మా, నీకు పుణ్యముంటది. మా ఊళ్లో డాక్టరు దాంట్లోంచే ఎక్కిస్తాడు. ఈయనకి సూదంటే భయం. మళ్లీ మళ్లీ పొడిపించటమెందుకు?" ఊళ్లో డాక్టరంటే సంచిలో సిరంజిలు వేసుకుని తిరిగే ఆర్‌ఎంపీ. అలా ఉంచి పంపడం మాకందరికీ అలవాటే. డ్యూటీ డాక్టరూ తలూపాడు. నేను జాలి చూపించాననుకున్నాను.

పది రోజులకు ఆయన్ని మోసుకొచ్చారు. ఒళ్లంతా వణుకు, మాట తడబడుతోంది. గొట్టం ఇంకా చేతికే ఉంది. మందు అయిపోయాక కూడా, మళ్లీ జ్వరమొస్తే పనికొస్తుందని ఉంచుకుని, పైన తువ్వాలు చుట్టి కల్లంలో మిరపకాయలు తిరగేశాడట. చెమటకూ దుమ్ముకూ ప్లాస్టరు నల్లబడినా, నేను రాసిన తేదీ కనబడుతూనే ఉంది. సిస్టర్ దాన్ని తీసి ట్రేలో నా ముందు పెట్టింది. రక్తపరీక్ష రిపోర్టులో దాదాపు ప్రతి మందు పేరు పక్కనా ఒకే అక్షరం, ఆర్. ఆ క్రిమి మీద ఆ మందు పనిచేయదని అర్థం. ఎలా పనిచేస్తుంది? జలుబుకీ ఒళ్లునొప్పులకీ పెద్ద యాంటీబయాటిక్ పొడిచే ఆర్‌ఎంపీలు, అడగ్గానే ఇచ్చేసే మందుల షాపులు, చేతులు కడుక్కోవడానికి తీరిక లేని మేము. అందరం కలిసి ఆ క్రిములకు తర్ఫీదిచ్చాం.

ఐదో రోజు ఆయన పోయాడు. "జ్వరం ముదిరిందని చెప్పండి, చాలు" అన్నాడు మేనేజరు. సిస్టర్ నన్ను వరండాలోకి లాక్కెళ్లింది.

"తేదీ రాసింది నువ్వు. చెప్పేదీ నువ్వే."

చెప్పాను. ఆ గొట్టం దారినే క్రిములు రక్తంలో చేరాయని, దాన్ని నేను తీసేసి పంపాల్సిందని. ఆదిలక్ష్మి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఉంచమంది నేనే గదమ్మా? నేనే చంపుకున్నానా ఆయన్ని?"

సిస్టర్ ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది. "మీరు అడుగుతారమ్మా, మీకు తెలియదు. తెలిసిన మేం ఒప్పుకోకూడదు. తప్పు మాది."

నిజం చెప్పించినందుకు నెల తిరక్కుండా సిస్టర్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. తలూపిన డాక్టరు ఉన్నాడు, మేనేజరు ఉన్నాడు, నేనూ ఉన్నాను. అందుకే ఈ కోపంలో నా వాటా నేనెప్పుడూ తగ్గించుకోను.

ఇప్పుడు వేరే ఆసుపత్రిలో నేనే హెడ్ నర్సును. ఇవాళ మిరప ఘాటుతో వచ్చిన ఆవిడ కూడా అదే అడిగింది. నేను ఆవిడ భర్త చేతి మీది ప్లాస్టరు ఊడదీసి, గొట్టం లాగేసి, దూదితో గట్టిగా నొక్కిపట్టాను. ఆయన అబ్బా అన్నాడు.

"నీకసలు జాలి లేదా అమ్మా?" అంది ఆవిడ.

"ఉందమ్మా. ఒకసారి చూపించాను."