మల్లేనా ముద్ర

కత్తులు చేసే ప్రేదు చనిపోయాక అతని కొలిమి ఆరిపోతుందని మా సార్డీనియా కొండ ఊళ్లో అందరూ అనుకున్నారు. ఆరలేదు. మరుసటి వారమే అతని కూతురు మల్లేనా తోలు గుడ్డ నడుముకు చుట్టుకుని తిత్తి ఊదింది. కాపర్లు పాత కత్తులు సాన పట్టించుకోవడానికి ఆమె దగ్గరికి వచ్చేవారు. కొత్తది మాత్రం ఒక్కరూ కొనలేదు. మడత కత్తి అంటే పొద్దున జేబులో పడితే రాత్రిదాకా మనిషిని వదలనిది. రొట్టె దానితోనే, గొర్రె గిట్టలో ముల్లు దానితోనే. అలాంటిదాన్ని ఆడదాని చేతి పనికి ఎలా వదిలేస్తామని వాళ్ల మాట.

ఆమె తమ్ముడు ఎఫీసియో ఇంకా సూటిగా చెప్పాడు. ఉన్ని కత్తిరింపు రోజులోపు ఒక్క కత్తికైనా గిరాకీ రాకపోతే కొలిమి మూసేసి ఆ కొట్టంలో తన పశువుల గడ్డి వేసుకుంటానన్నాడు. ఇల్లు ఇద్దరిదీ కనుక మల్లేనా కాదనలేకపోయింది.

ఆమె చేసిన పని వేరే. తాను చేసిన కత్తిని తానే మోయడం మొదలుపెట్టింది. ఆడవాళ్ల లంగాలకు జేబులుండవు, కుట్టుకుంది. చలికాలమంతా ఆ కత్తితోనే బెండు చెట్టు బెరడు గీసింది, మేకల తాళ్లు కోసింది, ఎండిన చీజు పెచ్చు తీసింది, వానలో తడిపి తుడవకుండా వదిలేసి చూసింది. సారా కొట్టు అరుగు మీద కూర్చునేవాళ్లకు ఇదొక వినోదం.

"జేబు బరువుగా ఉందే మల్లేనా, అందులో మొగుణ్ణి పెట్టుకున్నావా?" అన్నాడొకడు.

"మొగుడు కాదులే అన్నా. ఇది మూసుకోమంటే మూసుకుంటుంది," అని ఆగకుండా నడిచిపోయింది.

ఉన్ని కత్తిరింపు ఆ ఏడు బాకీస్ దొడ్డిలో జరిగింది. బాకీస్ పెద్ద కాపరి. అతను బాగుందన్న కత్తి ఊరంతటికీ బాగున్నట్టే. ఆడవాళ్లం వంటకు వెళ్లాం. మధ్యాహ్నం మగవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని ఎవరి కత్తి వాళ్లు తీశారు. నేను రొట్టెల బుట్టతో వాళ్ల వెనక ఉన్నాను. మల్లేనా వచ్చి తన కత్తిని బాకీస్ ముందు పెట్టింది.

"పరీక్షించు బాబాయ్."

మా కత్తులకు స్ప్రింగూ గొళ్లెమూ ఉండవు. పిడికీ, అలుగుకూ అంటే కోసే రేకుకూ మధ్య ఒకే ఒక రివిట్టు మేకు. దాని బిగువే కత్తిని తెరిచి ఉంచాలి. తెరిచిన కత్తిని తిరగేసి మొద్దు వైపును బల్లకేసి కొడతారు. వేళ్ల మీదికి మడత పడితే అది కత్తి కాదు. బాకీస్ బొటనవేలితో తెరవబోయాడు. జారింది. మళ్లీ జారింది.

"తుప్పు పట్టిందే దీనికి," అన్నాడు. బల్లంతా నవ్వింది.

"తుప్పు కాదు, నీ చేతి జిడ్డు. పొద్దుట్నించీ ఉన్ని పట్టుకున్నావుగా. ఏదీ, నీది ఇలా ఇవ్వు."

బాకీస్ కత్తి ప్రేదు చేసింది. మల్లేనా దాన్ని తెరిచి, తిరగేసి, బల్లకేసి ఒక్కటి కొట్టింది. జిడ్డు తాగిన రివిట్టు జారి అలుగు చటుక్కున మడత పడింది. ఆమె వేళ్లు ముందే తప్పించుకున్నాయి. ప్రేదు కత్తికి వంక పెట్టినవాళ్లు ఊళ్లో అంతవరకూ లేరు.

"మీ నాన్న చేసిందే అది," అన్నాడు బాకీస్ మెల్లగా.

"నాన్న చేసిందే. కత్తిరింపు రోజున నాన్నవన్నీ వదులయ్యేవి. మీ వేళ్ల మీద గాట్లు నాకు చిన్నప్పట్నించీ తెలుసు. అందుకే నేను బిగించాను."

బాకీస్ చేతులకు బూడిద రుద్దుకుని, ఆమె కత్తి తెరిచాడు. కొట్టాడు, ఇంకా గట్టిగా కొట్టాడు. అలుగు కదల్లేదు. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇలాంటిది తనకూ ఒకటి చేయమన్నాడు. అయితే అలుగు మీద చేసినవాళ్ల గుర్తుగా కొట్టే ముద్ర మాత్రం ప్రేదుది కొట్టాలి. ఎవరైనా అడిగితే ఆ ముసలాయన దాచి ఉంచిందని చెప్పుకుంటాడట. ఎఫీసియో వెనక నుంచి అక్క మోచేయి పొడిచాడు, ఒప్పుకోమని.

మల్లేనా తన కత్తి తీసుకుని మడిచింది.

"నాన్న ముద్ర నాన్నతోపాటు శవపెట్టెలో పెట్టి పూడ్చాను. నా ముద్ర ఉంటేనే నా కత్తి. లేదంటే వాడు గడ్డి వేసుకుంటాడు, వేసుకోనీ."

అని, బల్ల చివర ఖాళీగా ఉన్న చోట మగవాళ్ల మధ్యే కూర్చుని, మాంసం కోసుకుని తినడం మొదలుపెట్టింది. ఎఫీసియో ఆ సాయంత్రమే రెండు మోపుల గడ్డి తెచ్చి కొలిమి గుమ్మంలో పడేశాడు.

ఆ మోపులు అక్కడ ఉండగానే బాకీస్ వచ్చాడు. ఇక్కడ కత్తి కావలసినవాడు పిడికి కొమ్ము తానే తెచ్చుకుంటాడు. చంకలోని పొట్టేలు కొమ్మును దిమ్మె మీద పెట్టి, గడ్డి వైపు చూసి, నేల వైపు చూశాడు.

"ముద్ర సంగతేంటి?" అని అడిగింది మల్లేనా.

"కొట్టుకో. చిన్నగా కొట్టు."

పిడి కింద దాగే చోట కొట్టి ఉంటే ఎవరికీ కనబడేది కాదు. మల్లేనా దాన్ని అలుగు నడిమధ్యన, కత్తి తెరిచినప్పుడల్లా బాకీస్ బొటనవేలు ఆనే చోట కొట్టింది.