వీధి వైపు తిప్పిన తెర

పోయిన కార్తీకంలో స్కానింగు తీస్తే నా రొమ్ములో గడ్డ ఉందని, క్యాన్సర్ కావచ్చని రాశారు. ఆ సంగతి మావారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా అత్తగారి గుండెకు అప్పటికే స్టెంటు వేశారు. రిపోర్టు నా ఫోన్‌కే తెప్పించుకున్నాను. కాకినాడ డాక్టరుగారికి కాగితం మీద చూపించాలంటే, మండపేటలో మా వీధి జిరాక్స్ షాపు నంబరుకు మెసేజీల యాప్‌లో పంపి ప్రింటు తీయించుకున్నాను. అందరం చేసే పనే.

మర్నాడు ఎదురింటావిడ అత్తగారి ముందే అడిగింది. "మీకు క్యాన్సరేమోనని రాశారు కదండీ, డాక్టరుగారు ఏమన్నారండి? జిరాక్స్ షాపులో చూశానండి."

అత్తగారి చేతిలో పూలసజ్జ జారిపోయింది.

తిన్నగా షాపుకు వెళ్లాను. కంప్యూటర్ తెర వచ్చేపోయేవాళ్ల వైపే తిప్పి ఉంది. అందులో నా పేరు, నా వయసు, నా రిపోర్టు. పక్కనే ఎవరిదో ఆధార్, ఎవరిదో పొలం పాస్‌బుక్.

"ఇవన్నీ తీసెయ్యరా అండి?"

"ఉంచితే మళ్లీ పంపే పనుండదు కదండీ," అన్నాడు షాపాయన, నాకేదో మేలు చేసినట్టు.

నిలబడి నాది తీసేయించాను.

తర్వాత అది మామూలు గడ్డేనని తేలింది. కానీ ఆ పది రోజులూ అత్తగారు సరిగా అన్నం తినలేదు. దానికి ఎవరు జవాబు చెబుతారు? పంపినవారు, అందుకున్నవారు, ఆ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ కనబడదని ఆ యాప్‌లో రాసి ఉంటుంది. ఆ ఇద్దరిలో ఒకరు వీధి వైపు తిప్పిన తెర అని ఎక్కడా రాయలేదు.

నాది తీసేయించిన ఆ రోజు షాపు మెట్లు దిగుతుంటే వెనక ఒకావిడ గొంతు వినబడింది. "నంబరు చెప్పండి, మా అమ్మాయి రిపోర్టు పంపుతాను."

నేను మళ్లీ మెట్లెక్కాను.