కాపీ అవుతున్నంతసేపూ వచ్చిన కంపు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. కంప్యూటర్ల మీద బతుకుతున్నవాణ్ణి. ఏ వింతకైనా వెనక ఊడిన వైరో, చచ్చిన ఎలకో ఉంటుందని నా నమ్మకం. ఇప్పటికీ అలాగే నమ్మాలని ఉంది.

నేను ఒక పెద్ద పాల కంపెనీలో, విశాఖపట్నం హెడ్డాఫీసు కంప్యూటర్ విభాగంలో పనిచేస్తాను. మా కంపెనీకి ఊరూరా పాలు చల్లబరిచే కేంద్రాలున్నాయి. ప్రతి కేంద్రంలో ఒక చిన్న ఏసీ గది, అందులో సొంత సర్వర్లు. ఏ రైతు ఎన్ని లీటర్లు పోశాడో అంతా వాటిలోనే ఉండేది. ఆ సర్వర్లు తీసేసి, సమాచారమంతా క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్ ద్వారా వేరే సంస్థ నడిపే సర్వర్లలోకి మార్చాలని కంపెనీ నిర్ణయించింది. నర్సీపట్నం కేంద్రం నా వంతుకొచ్చింది.

పొద్దున్నే వెళ్లి కాపీ మొదలుపెట్టాను. కాసేపటికి కంపు. పాల కేంద్రం కదా, పాలు విరిగాయనుకున్నాను. అది కాదు. ఎండలో చచ్చి ఉబ్బిన గొడ్డు మీంచి గాలి వీచినట్టు, దాని మీద ఏదో తియ్యదనం పులిమినట్టు. ఆ తియ్యదనానికే ఉమ్ము మింగాలన్నా రోత పుట్టింది.

ఎలకే అనుకున్నాం. కేంద్రం ఇన్‌చార్జి రామునాయుడుగారు మనిషిని పిలిపించి సీలింగ్ పలకలు విప్పించారు. నేను సర్వర్ల మూతలు తీసి చూశాను. ఏసీ విప్పి కడిగించాం. ఎండిన బల్లి కూడా దొరకలేదు.

ఆ కేంద్రం ఊడ్చే నూకాలమ్మ కొంగు ముక్కుకి చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని మూలమూలా ఫినాయిల్‌తో రుద్దింది. ఫినాయిల్ ఘాటు లేచేది. దాని కిందనుంచి మళ్లీ అదే కంపు.

"ఏటి బాబూ ఇది? నిన్నటిదాకా నేదు," అంది.

రామునాయుడుగారు గుమ్మం దాటి లోపలికి రావడం మానేశారు. "బేగి కానిచ్చీండి బాబూ. మజ్జిగన్నం కూడా సయించట్నేదు నాకు," అన్నారు.

మధ్యాహ్నం నెట్ పోయి కాపీ ఆగింది. కంపు కూడా ఆగింది. మెల్లగా తగ్గడం కాదు, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. నెట్ వచ్చి కాపీ కదలగానే మళ్లీ గుప్పున కొట్టింది.

అప్పుడు కావాలని ఆపి చూశాను. పోయింది. మొదలుపెట్టాను. వచ్చింది. రామునాయుడుగారిని గుమ్మంలో అటు తిప్పి నిలబెట్టి, ఆయనకి చెప్పకుండా ఆపుతూ, నడుపుతూ అడిగాను. ఒక్కసారి కూడా ఆయన తప్పు చెప్పలేదు. సర్వర్ వేడికి లోపల ఏదైనా ఉడుకుతోందేమోనని, కాపీ ఆపేసి దానిచేత వేరే బరువైన పని చేయించాను. చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. వాసన మాత్రం రాలేదు.

మా మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాను. నవ్వాడు. పక్కవాళ్లకి చెప్పి వాళ్లనీ నవ్వించాడు. తర్వాత గొంతు మార్చి, "అక్కడ శుభ్రత లేదు, అంతే. ఆ ఊడ్చే ఆవిడని మార్చమను," అన్నాడు.

ఆమె తప్పేం లేదని చెప్పాను. మెయిల్ కూడా పెట్టాను. "కంపెనీ గదిలో కంపు వస్తే ఎవరో ఒకరు బాధ్యులు ఉండాలి కదా," అన్నాడు.

సాయంత్రానికల్లా నూకాలమ్మని మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ నా ముఖం దాకా చాపింది.

"వాసన సూడండి బాబూ. ఫినాయిలు తప్ప ఇంకేటైనా వొస్తందేటి? నానేటి సేసాను?"

ఆ క్షణంలో మా వాళ్ల మీద కలిగినంత రోత ఆ గదిలో ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు ముక్కు కింద బామ్ పులుముకుని కూర్చున్నాను. బయటికి పరిగెత్తి వాంతి చేసుకుంటూ, మళ్లీ వచ్చి కూర్చుంటూ కాపీ పూర్తిచేశాను. సర్వర్లు విప్పి వ్యానెక్కించాం. ఆ గదిలో మళ్లీ ఏ వాసనా రాలేదు. ఇప్పుడక్కడ ఖాళీ పాల క్యాన్లు పెట్టుకుంటున్నారు.

నూకాలమ్మకి మాత్రం పని తిరిగి ఇవ్వలేదు. రామునాయుడుగారు, నేను ఎన్నిసార్లు అడిగినా లాభం లేకపోయింది. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తోందనీ, పిక్కల్లోంచి కారే జీడికి వేళ్లు నల్లగా పొక్కిపోయాయనీ ఆయనే చెప్పారు.

కొన్నాళ్లకి ఒక వీడియో కాల్. హైదరాబాద్ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, క్లౌడ్‌లో ఉన్న కేంద్రాల వివరాలు ఒక్కొక్కటే తెరిచి మాకు చూపిస్తోంది. ఆమె నర్సీపట్నం ఎప్పుడూ చూడలేదు. ఈ కంపు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదని తర్వాత కనుక్కున్నాను. అనకాపల్లి చూపించింది, తుని చూపించింది. నర్సీపట్నం తెరిచి మాట ఆపేసింది. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"సారీ సర్, ఇక్కడేదో చచ్చినట్టుంది," అంటూ కుర్చీ జరిపి బల్ల కిందకి వంగి వెతికింది.

మా మేనేజరు కూడా ఆ కాల్‌లో ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. "అది మూసెయ్యమ్మా," అన్నాడు.

మూసేసింది. చున్నీ దించింది. "పోయింది సర్!" అంది ఆశ్చర్యంగా.

అక్కడ మా సర్వర్ లేదు. ఆ సమాచారం ఏ ఊళ్లో, ఏ గదిలో ఉందో మాక్కూడా తెలియదు. అంకెలకి వాసన ఎలా వస్తుందో, వస్తే మాసిన గుడ్డని అంటుకున్నట్టు వాటిని అంటుకుని ఎలా వెళ్తుందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఆ వారమే మేనేజరు నర్సీపట్నం పని మొత్తం ఆ అమ్మాయికే అప్పగించాడు. ఆమె నాకు ఫోన్ చేసి, "సర్, ఇందులో ఏముంది?" అని అడిగింది.

"పాల లెక్కలమ్మా," అన్నాను. అంతకంటే నాకు తెలియదు.