సంతకం పెట్టి తీసుకున్న లాప్‌టాప్

ఎనిమిది నెలలు. మా బడికి లాప్‌టాప్ వచ్చాక, దాన్ని పిల్లల ముందు ఒక్కసారి తెరవడానికి నాకు పట్టిన కాలం అది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో సగం మా హెడ్మాస్టరు మీద ఉండేది, మిగతా సగం ఎవరి మీదో తెలియడానికి చాలా రోజులు పట్టింది.

తమిళనాడులో ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి సొంతంగా జిల్లా అయిన కొత్తల మాట. హోసూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెటూరి హైస్కూల్లో నేను తెలుగు మీడియం పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. హోసూరులో ఒక ఫ్యాక్టరీవాళ్ళు తమ ఆఫీసుకు కొత్తవి కొనుక్కుని, పాతవాటిలో ఒకటి మా బడికి ఇచ్చారు. జీపులో ఇద్దరొచ్చి నల్ల సంచీలో పెట్టిన లాప్‌టాప్‌ను మా హెడ్మాస్టరు చేతిలో పెట్టి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన రెండు చేతులూ చాచి ప్రసాదం తీసుకున్నట్టు తీసుకున్నారు. స్టాకు రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన చొక్కా జేబులోకి పోయింది.

ప్రభుత్వ బళ్ళో పనిచేసినవాళ్ళకు స్టాకు రిజిస్టరు సంగతి చెప్పనక్కర్లేదు. బెంచీ, గ్లోబు, బీకరు, ఏదొచ్చినా అందులో ఎక్కాలి, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. పెట్టిన క్షణం నుంచి ఆ వస్తువు ఆ మనిషి మెడకు చుట్టుకున్నట్టే. రిటైరయ్యే రోజు అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒప్పజెప్పకపోతే పెన్షన్ కాగితాలు కదలవు. మా హెడ్మాస్టరుకు ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ముందు పనిచేసిన బడిలో మైక్రోస్కోపు అద్దం ఒకటి పగిలితే సంజాయిషీలు రాసి రాసి ఆయన చేతులు అరిగిపోయాయట.

"సార్, పదో తరగతికి గుండె పాఠం వచ్చింది. ఒక్క పీరియడు ఇవ్వండి. రక్తం ఎట్లా తిరుగుతుందో చూపిస్తాను" అని అడిగాను.

"ఇస్తానమ్మా, అది యాడికి పోతాది? మొన్ననే కదా వచ్చింది. కొన్ని దినాలు పోనీ" అన్నారు.

మామిడికాయా, గడ్డిలో వేసి మాగపెట్టడానికి! ఆ మాట పైకి అనలేదు. గుండె పాఠం సుద్దముక్కతోనే చెప్పాను. నేను గీసిన గుండె ఎప్పట్లాగే వంకాయలా వచ్చింది.

మా లెక్కల సారు హెడ్మాస్టరు పక్షమే, కానీ ఆయన కారణం వేరు. "ముప్పై ఏండ్లుగా బోర్డు మింద రాసి చెప్తా ఉండాను. నా పిలకాయలు ఫెయిలయినారా చెప్పు? ఆ పెట్టె పెడితే పిలకాయలు దాన్నే చూస్తారు. నన్ను ఎవురు చూస్తారమ్మా?" అన్నారొకరోజు టీ తాగుతూ. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. నవ్వకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆగస్టులో నన్ను కృష్ణగిరికి అయిదు రోజుల కంప్యూటర్ ట్రెయినింగుకు పంపారు. రోజూ తెల్లారకముందే లేచి వంట చేసి, హోసూరు వచ్చి, బస్సులో గంటకు పైగా నిలబడి పోయేదాన్ని. అక్కడ నలభై మంది టీచర్లకు నాలుగు కంప్యూటర్లు. మొదటిరోజు పదిన్నరకు కరెంటు పోయింది. నేర్పడానికొచ్చినాయన కాసేపు చూసి, లేచి, బోర్డు మీద కీబోర్డు బొమ్మ గీశాడు. మేమందరం బుద్ధిగా నోట్సులో దింపుకున్నాం. నా పక్కన కూర్చున్న కావేరిపట్టణం టీచరమ్మ స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఎంటరు గడికి రంగు కూడా వేసింది. చివరిరోజు సర్టిఫికెట్ ఇచ్చారు. అయిదు రోజుల్లో నా వేళ్ళు కంప్యూటరు మీద ఉన్నది మొత్తం కలిపితే అరగంట ఉంటుందేమో.

ఆ సర్టిఫికెట్ మా హెడ్మాస్టరుకు మహా ఇష్టమైంది. నకలు తీసి ఫైల్లో పెట్టుకుని, వచ్చిన ప్రతి ఆఫీసరుకూ "మా బడిలో ట్రెయినింగయిన టీచరమ్మ ఉండాది సార్" అని చూపించేవారు. తాళంచెవి మాత్రం ఇచ్చేవారు కాదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది నా పని.

ఆ ఉక్రోషంలోనే పదో తరగతి పిల్లలకు మాటిచ్చాను. ముప్పై ఒక్కమంది వాళ్ళు. సగం మంది చదువు పదితో ఆగిపోతుందని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. తర్వాత హోసూరులో ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడతారు. కంప్యూటర్ తెలుసా అని లోపల ఎవరైనా అడిగితే కనీసం బెదిరిపోకుండా ఉండాలి. "పరీక్షలకు పోయేలోపల మీలో ఒక్కొక్కరూ దాని మీద చెయ్యి పెడతారు. ఇది నా మాట" అన్నాను. అప్పటినుంచి మూడో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి నేను క్లాసుకు పోగానే అడిగేది, "టీచర్, ఈ దినమేనా?" అని. వాళ్ళది టమాటా తోట. పొద్దున్నే కాయలు కోసి, బుట్టలు బండికెక్కించి, పరిగెత్తుకుంటూ బడికొచ్చేది.

ఆయుధపూజకు లాప్‌టాప్ బయటికొచ్చింది. మూత తెరవలేదు. బడిగంట పక్కన, ప్యూను సైకిలుకు ఇవతల, పీట మీద పెట్టి గంధం పూసి, కుంకుమ పెట్టి, సంపెంగ దండ వేశారు. పిల్లలందరూ వరుసలో వచ్చి దండం పెట్టుకున్నారు. హారతి అవగానే హెడ్మాస్టరు దండ తీసి, తడిగుడ్డతో గంధం తుడిచి, మళ్ళీ బీరువాలో పెట్టేశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, దండం పెట్టుకోవడానికి ఊళ్ళో దేవుళ్ళు చాలరా?" అన్నాను అందరి ముందూ. ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నారు. ప్యూను సైకిలు తీసుకుని పక్కకు జరిగాడు. ఆ తర్వాత నెలపాటు ఆయనా నేనూ అవసరమైతే తప్ప మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరి వచ్చింది. ఇంకో మూడు వారాల్లో పిల్లలు చదువుకునే సెలవుల మీద పోతారు. నేను ఆఫీసు గదిలోకి పోయి, "రిజిస్టరులో మీ పేరు కొట్టేసి నా పేరు రాయండి. ఏమైనా నాదే పూచీ" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు. "యోచన చేసే చెప్తా ఉండావామ్మా? నీకు ఇంకా పదహైదేండ్ల సర్వీసు ఉండాది. విరిగినా, పోయినా నువ్వే."

"నేనే."

సంతకం పెట్టాను. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. ఆ రోజు ఆయన మొహం ఎంత తేటపడిందో! రిటైరయిన మనిషిలా ఉన్నారు.

సాయంత్రం బస్సెక్కాను. రెండు స్టాపులు పోయాక బీరువాకు తాళం వేశానా లేదా అని అనుమానం వచ్చింది. దిగి, షేరాటో పట్టుకుని వెనక్కి పోయి చూశాను. వేసే ఉంది. మర్నాడు పాత చీర చింపి లాప్‌టాప్‌కు గలేబు కుట్టాను. ప్యూను ఆ బీరువా పక్కన నీళ్ళ బిందె పెడితే కసురుకున్నాను. ఇదంతా జాగ్రత్త అనుకున్నాను.

క్లాసుకు తీసుకుపోయిన రోజు పిల్లలందర్నీ కొళాయి దగ్గర చేతులు కడుక్కుని రమ్మన్నాను. టేబుల్ చుట్టూ నిలబెట్టి, చేతులు కట్టుకోమన్నాను. పాత బ్యాటరీ రెండు నిమిషాల కంటే నిలవదు, కరెంటు కోత పదకొండుకు. తెరిచాను. సీడీ పెట్టి గుండె కొట్టుకోవడం చూపించాను. పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి. ఎడమ గది, కుడి గది అని చెబుతూ నేనే నొక్కాను, నేనే ఆపాను, మళ్ళీ నేనే నడిపాను. ఇంకొక్క నిమిషం, తర్వాత ఒక్కొక్కర్నీ పిలుస్తాను అనుకుంటూనే ఉన్నాను.

మూడో బెంచీ అమ్మాయి నా భుజం పక్కకు వచ్చి నిలబడింది. చేతులు కట్టుకుని ఎంతసేపు ఓర్చుకుందో! ఒక చెయ్యి విప్పి మెల్లగా కీబోర్డు మీదికి చాచింది. వేళ్ళు నల్లగా, పచ్చగా ఉన్నాయి. చటుక్కున ఆ చేతి మీద కొట్టాను.

"ఆ చేతులతోనా?" అన్నాను.

ఆ పిల్ల చెయ్యి లాక్కుంది. "కడిగినాను టీచర్" అంది. నిజమే, తడి ఇంకా ఆరలేదు. టమాటా ఆకు మరక కొళాయి నీళ్ళకు పోదు. తోటలున్న ఊళ్ళో అన్నేళ్ళు పనిచేసినదాన్ని, అది నాకు తెలియనిది కాదు. ఏదో చెప్పబోయేలోపు కరెంటు పోయింది, కాసేపటికి తెరా ఆరిపోయింది. గలేబు తొడిగి తీసుకొచ్చేశాను. ముప్పై ఒక్కమందిలో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు.

తలుపు దగ్గర నిలబడి అంతా చూసిన హెడ్మాస్టరు నా వెనకే ఆఫీసు గదిలోకి వచ్చారు. "మంచి పని చేసినావమ్మా. అట్ల భయం పెట్టకపోతే పిలకాయలు దాన్ని నిలవనిస్తారా?" అన్నారు. ఎనిమిది నెలల్లో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. లాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్లల్ని రేపు పిలుస్తాను, ఎల్లుండి పిలుస్తాను అనుకున్నాను. రివిజను, మోడల్ పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. పిల్లలు వెళ్ళిపోయారు.

జూన్‌లో ఆ అమ్మాయి మార్కుల కాగితం తీసుకోవడానికి వచ్చింది. పాసయింది, సైన్సులో మంచి మార్కులు. ఆఫీసు గదిలో ఎవరూ లేరు. నేను బీరువా తెరిచి, గలేబు తీసేసి, లాప్‌టాప్ టేబుల్ మీద పెట్టి, కుర్చీ లాగాను.

"రామ్మా, కూర్చో. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో" అన్నాను.

ఆ పిల్ల కుర్చీ దాకా వచ్చింది. నా మొహం చూసి నవ్వింది, మర్యాదగా. మార్కుల కాగితం చంకలో పెట్టుకుని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దు టీచర్, మీరే చూపించండి. నేను ఈడ నిలబడి చూస్తాను" అంది.