అట్ట కింద దాగిన రంగు

పటాలకు ఫ్రేములు కట్టే మా చిన్నమామగారు మాటల్లో పొదుపరి. నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు, చిన్నప్పుడే చనిపోయిన మా ఆడపడుచును గీసిన బొమ్మలో రంగు పెన్సిళ్లతో వేసిన బుగ్గలు తెల్లబడ్డాయని అత్తగారు ఆయన్ని పిలిపించారు.

“పటాన్ని గిన్నె తోమినట్టు తోమింది మీ కోడలు. అద్దం సందులోంచి నీళ్లు దిగాయి,” అన్నారు అత్తగారు ఆయనతో.

ఆయన మేకులు పీకి, బొమ్మ చుట్టూ ఉన్న అట్టను ఎత్తారు. దాని కింద గౌను అంచు ఇంకా ముదురు గులాబీ రంగులోనే ఉంది.

“నీళ్లయితే ముందు అంచే పోయేది వదినా. ఇది ఎండ పని. కిటికీ ఎదురుగా తగిలించింది నేనే. పోయిన రంగు రాదు. ఉన్నదైనా దక్కాలంటే ఎండను ఆపే అద్దం వేసి, నీడ గోడకు మార్చాలి.”

అత్తగారు నా వైపు తిరిగి, “ఎండ పడని గోడేదో నువ్వే చూపించమ్మా,” అన్నారు.