వంతెనకు పరువేమిటి?

ఎన్నికల అబద్ధం చెవినపడితే పావోలియెన్‌కు అన్నం సహించదు. చియాయి పట్నంలో ముప్పైయేళ్లు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ప్రచారబండి వీధిలోకి వచ్చిందంటే పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని తిన్నగా పోలీస్‌స్టేషన్‌కు నడిచేది. ఆ ఎన్నికల్లో అది పద్నాలుగోసారి.

వార్డు పెద్దగా పోటీ చేస్తున్న కాంగ్, కాలువ మీది వంతెన తానే కట్టించానని మైకులో ఊదరగొడుతున్నాడు. అది కట్టేనాటికి అతను నిక్కర్లలో బడికి వెళ్తున్నాడు.

"కేసు రాయి," అంది పావోలియెన్.

హెడ్ కానిస్టేబుల్ చువాంగ్ ఎప్పటిలాగే టీ పోశాడు. "పరువునష్టమంటే ఒక మనిషి పరువు పోవాలి పిన్నీ. ఆ మనిషే వచ్చి ఫిర్యాదివ్వాలి. వంతెనకు పరువేమిటి?"

"ఒకణ్ణి తిడితే నేరం. ఊరందరి చెవుల్లో పువ్వులు పెడితే కాదా?"

"చట్టం అంతవరకే ఉంది."

"అయితే చట్టంలోనే అచ్చుతప్పుంది," అని విసవిసా వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా ఓ కరపత్రం వెలిసింది. పావోలియెన్ అవతలి అభ్యర్థి దగ్గర లంచం తిని గోల చేస్తోందట. పేరూ వీధీ సహా వేశారు. చువాంగ్ ఫారం పట్టుకుని ఇంటికే వచ్చేశాడు. ఇన్నాళ్లకు ఆమెకు గట్టి కేసు దొరికిందని అతనికే సంబరం.

ఆమె కోపంగా కలం తీసింది. ఎవరి మీద పెడతావని అడిగింది. కరపత్రం మీద వేయించినవాళ్ల పేరు లేదు, కాంగ్ తనకేమీ తెలియదంటున్నాడు. దొరికింది పంచుతున్న షియుమేయ్ ఒక్కతే. రోజుకూలీతో ఇద్దరు పిల్లల్ని సాకుతున్న ఆమెనే ముందు స్టేషన్‌కు పిలవాలన్నాడు చువాంగ్.

పావోలియెన్ ఫారం మడిచి అతని చేతిలో పెట్టింది. "అబద్ధం పుట్టించినవాణ్ణి వదిలేసి, మోసినదాన్ని పట్టుకుంటావా? సిగ్గులేదూ?"

ఆ ఊపులోనే వీధిలోకెళ్లి షియుమేయ్ చేతిలోని కట్ట లాక్కుంది. అన్నీ పంచకపోతే కూలి ఇవ్వరని షియుమేయ్ తలదించుకుని గొణిగింది.

"పంచొద్దని ఎవరన్నారు? నేనూ వస్తా. కాస్త దిద్దనీ."

మెట్ల మీద కూర్చుని ప్రతి కాగితంలోనూ లంచం మాట కొట్టేసి, పక్కన వంతెన కట్టిన సంవత్సరం రాసింది. ఉండబట్టలేక పదకొండు అచ్చుతప్పులూ సవరించింది. తరవాత ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి పంచారు. షియుమేయ్‌కు కూలి పూర్తిగా ముట్టింది.

మర్నాడు కాంగ్ మనుషులు కొత్త కట్టలు తెచ్చారు. టోఫూ అమ్మే ముసలాయన చెయ్యి కూడా చాపలేదు.

"దిద్దినవి ఉంటే ఇవ్వండి బాబూ. ఇవి మాకెందుకు?"